వరి ఆకు ఎందుకు ఎండుతుంది? ఒకే బ్యాక్టీరియా వెంటపడిన సైంటిస్ట్ కెరీర్ కథ

ఈ ఎపిసోడ్ హైదరాబాద్ రూమ్‌లోంచి కాదు, మా మనుబోలు నుంచి చేస్తున్నా. మధ్యమధ్యలో లారీ హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి, హైవే పక్కనే ఉన్నాం. నెల్లూరుకీ గూడూరుకీ మధ్యలో ఎప్పుడైనా వెళ్ళుంటే, మీరు మా ఊరు చూడకుండానే దాటేసి ఉంటారు.

పోయిన నెల ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. బీఎస్సీ అగ్రికల్చర్ ఫైనల్ ఇయర్. ప్లాంట్ పాథాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఆ పైన పీహెచ్‌డీకి వెళ్ళాలని ఉందట. ఇంట్లో ఏమో "చెట్ల రోగాలు చూసేవాళ్ళకి జీతం ఎవడిస్తాడమ్మా, బ్యాంక్ పరీక్షలు రాసుకో" అంటున్నారట. "అన్నా, బ్యాక్టీరియా తెగుళ్ళ మీద పనిచేసే సైంటిస్ట్ లైఫ్ నిజంగా ఎలా ఉంటుంది?" అని అడిగింది. నేను నాలుగేళ్ళు జావా రాసుకున్న బీటెక్ వాణ్ణి. నాకు మొక్కల డాక్టర్ల గురించి ఏం తెలుస్తుంది? అందుకే కూర్చుని చదివాను. రిప్లైలో రాసేంత చిన్న విషయం కాదనిపించి ఎపిసోడ్ చేస్తున్నా.

ముందు రోగం ఏంటో చూద్దాం. రోగం అర్థం కాకపోతే ఆ ఉద్యోగం అర్థం కాదు.

మా పెదనాయనకి ఇక్కడ నాలుగెకరాలుంది. నెల్లూరు వైపు పైరు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల మీద, అంటే చలికాలం వానల మీద వస్తుంది. డిసెంబరులో ముసురు పట్టి, గాలీ వానా రెండు రోజులు దంచి కొట్టాక, పిలకల మీదున్న పైరులో ఆకు కొనలు పసుపు తిరిగాయి. తర్వాత అంచుల వెంట కిందికి దిగుతూ, అలలు గీసినట్టు వంకర్లు పోతూ, గడ్డి రంగులోకి ఎండిపోయాయి. "ఏంది పెదనాయనా ఇది?" అంటే, "అగ్గి తెగులన్నారురా షాపులో. రెండు మాట్లు మందు కొట్టినా. పోలా" అన్నాడు.

అగ్గి తెగులు శిలీంధ్రం వల్ల వస్తుంది. అంటే ఫంగస్. దానికి మచ్చ నూలు కండె ఆకారంలో ఉంటుంది, మధ్యలో బూడిద రంగు. మా కయ్యలో ఉన్నది అది కాదు. ఇంట్లో ఎవరైనా చేసుకోగల టెస్ట్ ఒకటుంది. ఎండిన భాగానికీ పచ్చటి భాగానికీ మధ్య ఉన్న ముక్కని కత్తిరించి, గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్ళు పోసి, కోసిన కొన నీళ్ళలో మునిగేలా పెట్టండి. కొద్ది నిమిషాలాగి వెలుతురుకి ఎదురుగా చూడండి. కోసిన చోటు నుంచి పాల తీగలాగా సన్నగా కిందికి జారుతుంది. అది రసం కాదు, లక్షల కొద్దీ బ్యాక్టీరియా. మేమూ పెట్టాం, జారింది. పెదనాయన గ్లాసుని చాలాసేపు అలా పట్టుకునే ఉన్నాడు.

దీన్ని తెలుగులో బ్యాక్టీరియా ఎండాకు తెగులు అంటారు. బ్యాక్టీరియా పేరు జాంతోమోనాస్ ఒరైజే. ఫంగస్ మందు దీని మీద పనిచేయదు. వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ మింగితే ఎంత లాభమో ఇదీ అంతే. డబ్బు పోయింది, టైమ్ పోయింది, మధ్యలో పైరు పచ్చబడుతుందని ఇంకో బస్తా యూరియా వేశారు. నత్రజని ఎక్కువైతే ఈ తెగులు ఇంకా రెచ్చిపోతుంది. తెగులు కనబడితే యూరియా ఆపాలి, మడిలో నీళ్ళు తీసి ఆరబెట్టాలి. రోగం వచ్చాక రైతు చేతిలో గట్టిగా ఉన్నవి దాదాపు ఈ రెండే. మామూలుగా వస్తే 20 నుంచి 30 శాతం దిగుబడి పోతుంది, ముదిరితే సగం దాకా పోవచ్చు. మా దగ్గర లెక్క పుట్లలో కదా, పుట్టి అంటే 850 కేజీలు. ఎకరానికి మూడు పుట్లు రావాల్సిన చోట ఒక పుట్టి తగ్గిందంటే, కౌలు రైతుకి మిగిలేది ఇంచుమించు ఆ పుట్టే.

ఇది లోపలికి ఎలా వెళ్తుందో చెప్తా, నాకు బాగా నచ్చిన భాగం ఇది. పొద్దున్నే వరి ఆకు అంచుల మీద నీటి బొట్లు చూసుంటారు. అన్నీ మంచు బొట్లు కావు. రాత్రి వేళ మొక్కే తన లోపలి నీళ్ళని అంచుల్లోని చిన్న రంధ్రాల గుండా బయటికి నెడుతుంది. ఆ బొట్టులోకి బ్యాక్టీరియా చేరుతుంది. ఎండెక్కాక బొట్టు కొంత లోపలికి తిరిగి వెళ్తుంది, దాంతో పాటు ఇదీ వెళ్తుంది. మొక్క మంచినీళ్ళ పైపులోకి దొంగ నేరుగా దిగాడన్నమాట. గాలివానకి ఆకులు ఒరుసుకుని చిరిగిపోతే ఆ గాయాలు ఇంకో దారి. నాటేటప్పుడు నారు కొనలు తుంచే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అది మనమే తలుపు తీసి పిలవడం.

సరే, ఇప్పుడు సైంటిస్ట్ దగ్గరికి వద్దాం. ఈ బ్యాక్టీరియా మీద మన దేశంలో దశాబ్దాల పాటు పనిచేసిన వాళ్ళలో ఒకాయన రమేష్ వెంకట సొంటి. హైదరాబాద్ సీసీఎంబీలో, అదే హబ్సిగూడ దగ్గర మెయిన్ రోడ్డు మీద కనిపించే సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో, ఆయన ల్యాబ్ ఉండేది.

ఆయన కెరీర్ వరితో మొదలవ్వలేదు. అమెరికాలో యూటా యూనివర్సిటీలో జాన్ రాత్ అనే జెనెటిక్స్ ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ. టాపిక్ సాల్మొనెల్లా, మనకి కడుపులో గడబిడ చేసే బ్యాక్టీరియా. తిండి బాగా తక్కువున్న చోట అది ఎలా బతుకుతుంది అన్నది ప్రశ్న. ఆ కొంచెం తిండిని లోపలికి లాగే జీన్‌కి అదనపు కాపీలు ఉన్న కణాలు గెలుస్తాయని 1989లో పేపర్ వచ్చింది. ఆ తర్వాత ఎంఐటీలో ఈథన్ సైనర్ ల్యాబ్‌లో అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్క మీద పని. ఆగ్రోబ్యాక్టీరియమ్ అని ఒక బ్యాక్టీరియా ఉంది, అది తన డీఎన్ఏ ముక్కని మొక్క డీఎన్ఏలోకి ఎక్కించేస్తుంది. అలా ఎక్కనివ్వని మొక్కల గురించి 1995లో పేపర్. రెజ్యూమె చూస్తే మొదట బ్యాక్టీరియా, తర్వాత మొక్క. మన కంపెనీల్లో హెచ్ఆర్ అయితే "మీ ప్రొఫైల్ ఫోకస్డ్‌గా లేదండీ" అనేది. హైదరాబాద్ వచ్చాక ఆ రెండూ కలిసిన చోటు ఆయనకి వరి తెగులులో దొరికింది.

మొదట చేసింది మందు కనిపెట్టడం కాదు, దొంగల ఫైలు తయారుచేయడం. దేశంలో వేరు వేరు చోట్ల వరి పొలాల నుంచి ఈ బ్యాక్టీరియాని సేకరించి, వాటి డీఎన్ఏ ఫింగర్‌ప్రింట్లు తీశారు. 1997లో ఆ పేపర్ వచ్చింది. దూరదూరంగా ఉన్న ప్రాంతాల్లో కూడా ఒకే వంశానికి చెందిన బ్యాక్టీరియా పాతుకుపోయి ఉందని తేలింది. ఆ పేపర్‌లో రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థలోని తెగుళ్ళ శాస్త్రవేత్త ఎ.పి.కె. రెడ్డి పేరు కూడా ఉంది. ఈ రాజేంద్రనగర్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తర్వాతి పని మాత్రం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఎవరో రాసిపెట్టిన పెద్ద కోడ్ ఉంది, డాక్యుమెంటేషన్ లేదు. ఏం చేస్తాం? ఒక్కో లైన్ కామెంట్ చేసి రన్ చేస్తాం, ఏది ఆగిపోయిందో చూస్తాం. వీళ్ళూ అంతే. బ్యాక్టీరియాలో ఒక్కో జీన్‌ని చెడగొట్టి, దాన్ని వరి ఆకులోకి ఎక్కించి, రోగం వస్తుందా లేదా అని చూశారు. తేడా ఏంటంటే మనకి రన్ బటన్ నొక్కితే సెకన్లలో తెలుస్తుంది. వాళ్ళు మొక్క పెంచాలి, ఆకు కొన కత్తిరించి బ్యాక్టీరియా అంటించాలి, రోజుల తరబడి ఆగి స్కేల్ పెట్టి ఎండిన పొడవు కొలవాలి. ఒక జీన్ అయ్యాక ఇంకో జీన్. అలా ఏళ్ళు.

అలా బయటపడ్డ వాటిలో ఒకటి, ఈ బ్యాక్టీరియా చుట్టూ ఉండే జిగురు. ఆ జిగురు చేసే జీన్ పోతే రోగం తెప్పించే శక్తీ పోయింది. ఈ జిగురుకి చుట్టం మీ ఫ్రిజ్‌లోనే ఉండొచ్చు. సాస్ బాటిల్ వెనక, ఐస్‌క్రీమ్ డబ్బా వెనక జాంతన్ గమ్ అని ఉంటే, అది ఇదే కుటుంబంలోని ఇంకో బ్యాక్టీరియాతో ఫ్యాక్టరీలో తయారుచేసిందే. తినొచ్చు, భయం లేదు. ఇంకో చుట్టం మా పక్కనే గూడూరులో ఉంది. నిమ్మ మార్కెట్‌కి వచ్చే కాయల మీద గరుకు గరుకు మచ్చలు చూస్తారు కదా, గజ్జి తెగులు. అదీ జాంతోమోనాసే.

ఇక అసలు పాయింట్. మొక్క కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. దాన్ని కరిగించడానికి బ్యాక్టీరియా ఎంజైములు వదులుతుంది. కానీ గోడ పగిలిందంటే మొక్కకి అలారం మోగుతుంది, వెంటనే రక్షణ మొదలుపెడుతుంది. సొంటి ల్యాబ్‌లో ఆ ఎంజైమ్‌ని శుద్ధి చేసి ఒట్టి ఎంజైమ్‌నే ఆకులోకి ఎక్కిస్తే, వరి మొక్క అప్రమత్తమైపోయి, తర్వాత నిజం బ్యాక్టీరియా వచ్చినా తట్టుకుంది. అంటే దొంగ చేతిలో గునపం వాడికే ప్రమాదం. మరి వాడెలా నెగ్గుకొస్తున్నాడు? వాడి దగ్గర ఇంకో పరికరం ఉంది, సన్నటి సిరంజి లాంటిది. దాంతో కొన్ని ప్రోటీన్లని మొక్క కణంలోకి గుచ్చి అలారం వైరు కత్తిరించేస్తాడు. ఒక చేత్తో గోడ పగలగొట్టడం, ఇంకో చేత్తో సైరన్ ఆపడం. ఈ రెండు చేతులకీ ఉన్న లింకు గురించి 2007లో పేపర్ వచ్చింది. నాకు ఇది చదివినప్పుడు సెక్యూరిటీ టీమ్‌లో పనిచేసిన ఫ్రెండ్‌కి ఫోన్ చేసి చెప్పాలనిపించింది. 2004లోనే ఆయనకి శాంతి స్వరూప్ భట్నాగర్ అవార్డు వచ్చింది.

"బాగుంది బ్రో, మరి రైతుకేంటి?" అంటారని తెలుసు. రాజేంద్రనగర్‌కి వద్దాం.

మనం తినే సాంబ మసూరి, బీపీటీ 5204, బాపట్లలో పుట్టింది, 1986లో విడుదలైంది. సన్న గింజ, రుచి, మిల్లులో మంచి రేటు. అన్నీ ఉన్నాయి, ఎండాకు తెగులుని తట్టుకునే శక్తి మాత్రం లేదు. సీసీఎంబీ, అప్పట్లో వరి పరిశోధన డైరెక్టరేట్ అని పిలిచే ఇప్పటి ఐఐఆర్ఆర్ కలిసి దీన్ని బాగుచేద్దామనుకున్నాయి. వరిలో ఈ తెగులుని ఆపే జీన్లు చాలానే తెలుసు. కానీ ఒక్క జీన్ పెడితే బ్యాక్టీరియా కొన్నాళ్ళకి దాన్ని దాటేస్తుంది. ఎక్స్ఏ-4 అనే జీన్‌తో ఆసియాలో ఆ పని అప్పటికే జరిగింది. అందుకని ఒకేసారి మూడు: ఎక్స్ఏ-21, ఎక్స్ఏ-13, ఎక్స్ఏ-5.

ఎక్స్ఏ-21 ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఆ అడవి వరికి ఈ తెగులు పట్టదని గమనించింది మన కటక్ వరి సంస్థలో. 1995లో అమెరికాలో పమేలా రోనాల్డ్ టీమ్ ఆ జీన్‌ని విడదీసింది. ఇది కణం బయట నిలబడే వాచ్‌మన్. ఎక్స్ఏ-13 కథ వేరు. బ్యాక్టీరియా మొక్కలోకి వెళ్ళి, చక్కెరని కణం బయటికి వదిలే ఒక జీన్ స్విచ్‌ని తనే ఆన్ చేసుకుని తింటుంది. ఎక్స్ఏ-13 ఉన్న వరిలో ఆ స్విచ్ ఆకారం మారిపోయి ఉంటుంది, దొంగ వేలికి అందదు. ఎక్స్ఏ-5 కూడా అలాంటిదే, దొంగ వాడుకోవాలనుకున్న యంత్రంలో చిన్న మార్పు. ఈ మూడింటినీ ఒకేసారి దాటాలంటే బ్యాక్టీరియాకి మామూలు అదృష్టం సరిపోదు.

మూడు జీన్లున్న వరితో సాంబ మసూరిని సంకరం చేశారు. వచ్చిన మొక్కలో సగమే సాంబ మసూరి. దాన్ని మళ్ళీ సాంబ మసూరితో కలిపితే 75 శాతం, మళ్ళీ కలిపితే 87.5, అలా నాలుగుసార్లు వెనక్కి కలిపితే దాదాపు 97. ప్రతి తరంలోనూ డీఎన్ఏ మార్కర్లతో చూసి మూడు జీన్లూ ఉన్న మొక్కల్నే ఉంచుకోవడం, అందులో సాంబ మసూరి పోలిక ఎక్కువున్న దాన్ని ఏరుకోవడం. ఇది జీఎం పంట కాదు, మన తాతలు చేసిన సంకరమే, కాకపోతే ఏరడానికి ల్యాబ్ ఉంది. ఆర్.ఎం. సుందరం, జి.ఎస్. లాహా లాంటి ఐఐఆర్ఆర్ శాస్త్రవేత్తలు దీని మీద పనిచేశారు. సుందరం గారు తర్వాత ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యారు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలైంది, ఇంకో పేరు ఆర్‌పీ బయో 226. అదే గింజ, అదే అన్నం. తర్వాత టెస్ట్ చేస్తే గ్లైసెమిక్ ఇండెక్స్ సుమారు 51 అని వచ్చింది. అంటే షుగర్ మెల్లగా పెంచే బియ్యం. ఇది ఎవరూ ప్లాన్ చేసింది కాదు, బోనస్.

1997 ఫింగర్‌ప్రింట్ల పేపర్ నుంచి 2008 విత్తనం దాకా 11 ఏళ్ళు. మా పెదనాయనకి దాని పేరు తెలిసింది మొన్న నేను చెప్తేనే. అంటే ఇంకో పదిహేనేళ్ళ పైన. ఇందులో సైన్స్ లోపం ఏమీ లేదని నా అభిప్రాయం. హైబ్రిడ్ అయితే ఏటా కొనాలి కాబట్టి కంపెనీ మనిషి గోడల మీద రంగు వేయించి మరీ చెప్తాడు. ఇది మామూలు రకం. ఒకసారి కొని, కల్తీ లేకుండా చూసుకుంటే విత్తనం మనమే కట్టుకోవచ్చు. దీనికి ఊరూరా తిరిగి చెప్పే సేల్స్‌మన్ ఉండడు. "నీళ్ళలో చూపించినావు కదా, ఆ పురుగు దీనికి పట్టదా?" అన్నాడు పెదనాయన. పట్టినా పైరుని ముంచేంత పాకదు, అగ్గి తెగులు మాత్రం రావచ్చు అని చెప్పా. "మిల్లాయన బీపీటీ కింద తీసుకుంటాడా?" అన్నది రెండో ప్రశ్న. రైతు ప్రశ్నల వరస ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు చెల్లెలికి సమాధానం. నిజాయితీగా చెప్తా.

దారి పొడుగు. బీఎస్సీ నాలుగేళ్ళు, ఎమ్మెస్సీ రెండు, పీహెచ్‌డీ నాలుగైదు. బయటికొచ్చేసరికి 28, 29. నీతో చదివి సాఫ్ట్‌వేర్‌కి వచ్చినవాళ్ళు అప్పటికి ఫ్లాట్ ఈఎమ్ఐ కడుతుంటారు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే నెలకి 37,000, హెచ్ఆర్ఏ అదనం, రెండేళ్ళ తర్వాత 42,000. ఇది 2023 నుంచి ఉన్న రేటు, అది కూడా రీసెర్చ్ స్కాలర్లు గొడవ చేస్తేగానీ పెరగలేదు. ఆ పైన పోస్ట్‌డాక్, తర్వాత పర్మనెంట్ ఉద్యోగం, దానికి పోటీ గట్టిగా ఉంటుంది. ఇంట్లో వాళ్ళ భయం ఉత్త భయం కాదు. కానీ "జీతం ఎవడిస్తాడు" అన్నది నిజం కాదు. ఐకార్ సంస్థలకి ఏఆర్ఎస్ పరీక్ష ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయాలున్నాయి, మన నెల్లూరులోనే వరి రకాలు తెచ్చిన పరిశోధనా స్థానం ఉంది, కృషి విజ్ఞాన కేంద్రాలు, విత్తన కంపెనీల ల్యాబ్‌లు ఉన్నాయి. అగ్రికల్చర్ చదవనివాళ్ళకీ దారుంది, లైఫ్ సైన్సెస్ వాళ్ళు, బీటెక్ బయోటెక్ వాళ్ళు సీసీఎంబీ లాంటి చోట్లకి వెళ్తారు. సొంటి గారి విషయానికొస్తే, సీసీఎంబీ తర్వాత ఢిల్లీలో జాతీయ మొక్కల జీనోమ్ పరిశోధనా సంస్థ ఎన్ఐపీజీఆర్‌కి డైరెక్టర్ అయ్యారు, తిరుపతి ఐసర్‌లో పనిచేశారు, ఆ తర్వాత ఢిల్లీలోనే ఐసీజీఈబీకి డైరెక్టర్. తిరుపతి ఐసర్ అంటే ఏర్పేడు, మనుబోలు నుంచి రెండు గంటల దారి. బస్సెక్కి వెళ్ళి చూసి రావచ్చు, ల్యాబ్ లోపల ఎలా ఉంటుందో అడిగి చూడు, ముందే మెయిల్ పెట్టు.

ఒకటి మాత్రం అడుగు నిన్ను నువ్వు: ఒకే ఆకుని స్కేల్‌తో కొలుస్తూ ఏళ్ళు గడపడం విసుగు పుట్టిస్తుందా, సరదా పుట్టిస్తుందా? నాకైతే ప్రతి రెండు వారాలకి రిలీజ్ లేకపోతే చెయ్యి దురద పెడుతుంది, నేను పనికిరాను. నువ్వు పనికొస్తావేమో. ఎందుకంటే పని అయిపోలేదు. మూడు తాళాలు వేసినా బ్యాక్టీరియా మారుతూనే ఉంది, ఏ పొలంలో ఏ రకం తిరుగుతోందో ఎప్పటికప్పుడు సేకరించి పరీక్షించాల్సిందే. అనంతపురం దానిమ్మలో నూనె మచ్చ తెగులు ఉంది, అదీ జాంతోమోనాసే. నిమ్మ గజ్జి ఉంది. వాటికి ఇంకా సాంబ మసూరి లాంటి కథ రాలేదు.

వరి వేసేవాళ్ళకి: విత్తనం కావాలంటే రాజేంద్రనగర్ ఐఐఆర్ఆర్‌ని గానీ, మీ మండల వ్యవసాయ అధికారిని గానీ ఆర్‌పీ బయో 226 అని పేరు చెప్పి అడగండి. మీ ప్రాంతానికీ సీజన్‌కీ సరిపోతుందో లేదో కూడా అక్కడే కనుక్కోండి. సాంబ మసూరి లాగే దీర్ఘకాలిక రకం, నీళ్ళు చూసుకోవాలి. పెదనాయన వచ్చే పంటకి ఒక ఎకరంలో వేసి చూస్తానన్నాడు, మిగతా మూడెకరాలు మామూలుగానే.

వచ్చే ఎపిసోడ్ గూడూరు నిమ్మ మార్కెట్ నుంచి. పొద్దున నాలుగింటికే వేలం మొదలవుతుందంటున్నారు, కాబట్టి నా మొహం ఎలా ఉన్నా సర్దుకోండి. ఉంటాను.